మేడారం మొదటిసారి పోతున్నారా, ముందుగా ఏ రోజో తేల్చుకోండి

మేడారం జాతరకు కొత్తగా బయల్దేరేవాళ్లు మొట్టమొదట అడిగేది దర్శనానికి ఎంతసేపు పడుతుందని. యాదగిరిగుట్టకు, తిరుపతికి పోయి పోయి అలవాటైన ప్రశ్న అది, ఇక్కడ పనికిరాదు. మేడారంలో గర్భగుడి లేదు, విగ్రహం లేదు. గద్దెలు, అంటే ఎత్తుగా కట్టిన అరుగులు ఉంటాయి, వాటి మీద నిలబెట్టిన వెదుళ్లు, పసుపు, కుంకుమ, చుట్టూ మోకాలెత్తు బెల్లం. అమ్మవార్లు సమ్మక్క, సారలమ్మ ఏడాది పొడుగునా అక్కడ కూర్చుని మనకోసం ఎదురుచూడరు. రెండేళ్లకోసారి మాఘమాసంలో పున్నమి దగ్గర్లో నాలుగు రోజులు వస్తారు, వచ్చి మళ్లీ అడవిలోకి వెళ్లిపోతారు. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా, ఎప్పుడైనా బుధవారం మొదలై శనివారం ముగుస్తుంది. ఈ నాలుగింటిలో మీరు ఏ రోజు అక్కడ ఉంటారో తేల్చుకుంటే బస్సా కారా, ఒక రాత్రా రెండు రాత్రులా, పిల్లల్ని తీసుకుపోవాలా అమ్మమ్మ దగ్గర వదిలిపోవాలా అన్నవన్నీ దాన్నిబట్టి వాటంతట అవే తేలిపోతాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, సెలవు దొరికిన రోజు బండెక్కి పోయి, అక్కడ దిగాక ఇవాళ ఏముందని పక్కవాళ్లను అడుగుతారు.

ఒక మాట, ఈమధ్య మన పిల్లలు ఫోన్లలో విక్కా, పేగన్ అంటూ విదేశాల్లో జనం శని, ఆదివారాలు అడవిలో గుడారాలేసుకుని చెట్లనూ చంద్రుణ్నీ కొలుచుకునే వీడియోలు చూసి తెగ అబ్బురపడుతున్నారు. బాగానే ఉంటాయి. విక్కా అనేది 1950ల్లో ఇంగ్లండులో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన వల్ల జనానికి తెలిసిన కొత్త మతం, పాత నమ్మకాలను మళ్లీ బతికించుకుందామనే ప్రయత్నం. హన్మకొండ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో కోయవాళ్లు ఎవరూ బతికించాల్సిన అవసరం లేకుండా చేసుకుంటూనే వస్తున్న పండుగ ఉంది, దానికి టికెట్ లేదు, పేరు రాయించుకునేది లేదు, కోటి మందికి పైగా వస్తారని సర్కారు లెక్క. అది చూశాక వీడియోల సంగతి మాట్లాడుకుందాం.

ఏ రోజు ఏం జరుగుతుంది

బుధవారం సాయంత్రం కన్నెపల్లి నుంచి సారలమ్మ బయల్దేరుతుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజులు కూడా అదే రాత్రికి గద్దెలకు చేరతారు, పగిడిద్దరాజును తెచ్చే పూజారులైతే అడవి తొవ్వన కాలినడకనే వస్తారు. నన్నడిగితే మొదటిసారి పోయేవాళ్లు చూడాల్సింది కన్నెపల్లినే. గుడి ముందు తడిబట్టలతో నేల మీద బోర్లా పడుకున్న మనుషులు వరుసగా కనిపిస్తారు, పిల్లలు కలగాలనో రోగం నయం కావాలనో మొక్కుకున్నవాళ్లు. సారలమ్మను పట్టుకొచ్చే పూజారులు వాళ్ల మీదుగా దాటుకుంటూ పోతారు. దీన్ని వరం పట్టడం అంటారు. డోళ్లు, కొమ్ముబూరల చప్పుడు దగ్గరికొస్తున్న కొద్దీ పడుకున్నవాళ్ల చేతులు మట్టిని గట్టిగా పట్టుకుంటాయి, పక్కన నిలబడ్డ వాళ్ల చుట్టాలు ‘కదలకు, కదలకు’ అంటుంటారు, పూజారి కాలు దాటగానే లేచినవాళ్ల ముఖాలు చూడాలి. మీరు అక్కడ నిలబడితే తొవ్వకు పది అడుగులు ఎడంగా నిలబడండి, పూజారులు వచ్చేటప్పుడు జనం ఒక్కసారిగా ముందుకు తోస్తారు.

గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగుతుంది. జాతర అంటే అసలు ఇదే. గుట్ట మీదికి పూజారులు తప్ప ఎవరూ పోరాదు, వాళ్లు కుంకుమభరిణె రూపంలో అమ్మను తీసుకుని కిందికి దిగగానే జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేలుస్తారు, కలెక్టరూ అధికారులూ ఎదురెళ్లి స్వాగతం చెబుతారు. ఆ తుపాకీ మోత వినగానే జనం ఎట్లా అయిపోతారో మాటల్లో చెప్పడం కష్టం, ఎదురుకోళ్లు, అంటే అమ్మకు మొక్కుగా ఎగరేసే కోళ్లు, గాల్లోకి ఎగురుతుంటాయి, కొబ్బరికాయలు పగులుతుంటాయి, పూనకాలు, ఏడుపులు, అరుపులు. గుట్ట నుంచి గద్దెల దాకా తొవ్వ పొడుగునా ముగ్గులేసి ఉంటాయి. చూడాలంటే మధ్యాహ్నం మూడింటికల్లా ఆ తొవ్వ పక్కన చోటు పట్టుకోండి, అంతేగానీ గద్దెల దగ్గర నిలబడి చూద్దామనుకోవద్దు. అమ్మ గద్దెకెక్కే ఘడియలో అక్కడ ఊపిరాడదు. చిన్నపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు మీతో ఉంటే గురువారం రాత్రి గద్దెల వైపే పోవద్దు, గుడారంలో ఉంటే ఏ పాపం తగలదు.

శుక్రవారం నలుగురూ గద్దెల మీద ఉంటారు కాబట్టి మొక్కులన్నీ ఆ రోజే, రద్దీ కూడా ఆ రోజే. శనివారం సాయంత్రం వనప్రవేశం, అంటే అమ్మవార్లు తిరిగి అడవికి పోవడం.

కాబట్టి, చూడాలని పోతున్నారా, బుధవారం పొద్దున చేరుకుని గురువారం రాత్రి దాకా ఉండండి. మొక్కు చెల్లించాలని పోతున్నారా, శుక్రవారం తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి గద్దెల దగ్గరికి పోండి, తొమ్మిది దాటిందంటే సాయంత్రం దాకా ఆశ వదులుకోవాల్సిందే. జనమంటేనే భయమా, జాతరకు రెండు మూడు వారాల ముందు నుంచే లక్షల మంది పోయి ముందే మొక్కులు తీర్చుకుంటుంటారు, మీరూ పోండి, ఎవరూ తప్పుపట్టరు. జాతరకు రెండు వారాల ముందటి బుధవారం గుడిమెలిగె, వారం ముందటి బుధవారం మండమెలిగె అని రెండు పండుగలు పూజారులు చేస్తారు. కోయవాళ్ల పద్ధతిని నిమ్మళంగా చూడాలనుకునేవాళ్లకు మండమెలిగె రోజు పోవడం నాలుగు రోజుల జాతర కంటే మేలు.

కథ కూడా కొంచెం తెలిసి పోతే మంచిది, ఎందుకంటే అక్కడ ప్రతి చోటుకూ కథలో భాగం ఉంది. ఊరికో తీరుగా చెబుతారు గానీ సారం ఇది. కోయ దొర మేడరాజుకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ ఒక పసిపాప దొరికింది, ఆమే సమ్మక్క. పగిడిద్దరాజును పెళ్లాడింది, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వాళ్ల పిల్లలు, గోవిందరాజులు అల్లుడు. కరువొచ్చి పన్ను కట్టలేమంటే కాకతీయ ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. అందరూ పోరులో పడిపోయారు, జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు, అప్పటినుంచి అది జంపన్నవాగు. సమ్మక్క వెన్నుపోటు దెబ్బతో చిలకలగుట్ట వైపు నడిచిపోయి కనిపించకుండా పోయింది, వెతికితే పుట్ట దగ్గర కుంకుమభరిణె దొరికింది. వరంగల్‌లో మనం ప్రతి గోడ మీదా కాకతీయ తోరణం వేసుకుంటాం, రెండేళ్లకోసారి కాకతీయుల మీద కత్తి దూసిన ఆడమనిషికి నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువు బెల్లం, మోసుకుపోతాం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయని మనవాళ్లెవరూ బుర్ర బద్దలుకొట్టుకోరు, నాకది నచ్చుతుంది.

ఇంటి దగ్గర

మన కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల వైపు ముందు వేములవాడ రాజన్నను చూసుకుని తర్వాతే సమ్మక్క దగ్గరికి పోవడం ఆనవాయితీ. జాతర ముందు వారాల్లో వేములవాడ కిక్కిరిసిపోయేది అందుకే. మీ ఇంట్లో ఆ ఆచారం ఉందో లేదో అత్తమ్మనో అవ్వనో అడగండి, లేకపోతే లేదు. మీ ఇంటి పద్ధతిని మించిన రూలు ఎక్కడా రాసి లేదు.

బంగారం అంటే అక్కడ బెల్లం. మనిషి బరువుకు సరిపడా బెల్లం ఇస్తామని మొక్కుకోవడాన్ని నిలువెత్తు బంగారం అంటారు. జాతర దగ్గరపడితే వరంగల్‌లో, చిన్న చిన్న పట్నాల్లో కూడా బెల్లం దుకాణాల ముందు పెద్ద కాంటా పెడతారు, ఒకవైపు పిల్లాణ్ని కూర్చోబెట్టి ఇంకోవైపు బెల్లం ముద్దలు పేరుస్తారు, తూకం సరిపోగానే ఇంటివాళ్లు బెల్లానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటారు. పిల్లాడు దిగనని ఏడవడం, దుకాణదారు ఒక ముక్క చేతిలో పెట్టడం మామూలే. మేడారంలోనూ బెల్లం దొరుకుతుంది గానీ రేటు ఎక్కువ, అందుకని ఇక్కడే కొనుక్కుపోండి. గుడుంబాకు మళ్లుతుందని అనుమానంతో ఆబ్కారీవాళ్లు ఒక్కోసారి బెల్లం కొనేవాళ్ల ఆధార్ రాయించుకోమంటారు, కార్డు జేబులో ఉంచుకోండి. ఒక సలహా, అరవై డెబ్బై కిలోల మొక్కు ఉంటే దాన్ని గద్దె దాకా మోసేదెవరో ముందే ఆలోచించుకోండి. ఒక్క బస్తాగా కట్టకుండా ఇంటిల్లిపాదీ తలాకొంత పట్టుకునేట్టు చిన్న మూటలు కట్టండి. మొక్కు ఏమీ లేకపోతే రెండు కిలోల ముద్ద, ఒక కొబ్బరికాయ చాలు.

ఒడిబియ్యం పోసేవాళ్లు బియ్యం, పసుపు, కుడుకలు, పోకలు, రవిక బట్ట ఇంట్లోనే కట్టుకుని పోతారు. ఎదురుకోడి మొక్కు ఉంటే కోడిని ఇంటి నుంచే తీసుకుపోవచ్చు, దారిపొడుగునా అమ్ముతారు కూడా.

తిండి విషయంలో అదృష్టం ఏమిటంటే జాతర సంక్రాంతి వెనకే వస్తుంది. సకినాలు, అరిసెలు మిగిలే ఉంటాయి, ఒక డబ్బాలో సర్వపిండి వేసుకుంటే రెండు పూటలు గడుస్తాయి. రాత్రిళ్లు అడవిలో చలి, పగలు దుమ్ము. దుప్పటి, మెడకు తువ్వాల, టార్చిలైటు, పవర్‌బ్యాంకు, చిల్లర నోట్లు, వేసుకునే మందులు, అంతే. బంగారు నగలు మాత్రం వద్దు, అక్కడ బంగారమంటే ఏంటో ముందే చెప్పాను కదా.

తొవ్వ

వరంగల్ వైపు నుంచి పోయేది జాతీయ రహదారి 163 మీద, ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా. ములుగు ఊరికి ముందే గట్టమ్మ తల్లి దగ్గర ప్రతి బండీ ఆగుతుంది, కొబ్బరికాయ కొట్టి, క్షేమంగా పోయి రావాలని మొక్కి కదులుతారు. డ్రైవరే ఆపుతాడు, మీరు చెప్పాల్సిన పని లేదు.

కారా బస్సా అంటే నా ఓటు కళ్లు మూసుకుని ఆర్టీసీకి. కారణం భక్తి కాదు, దూరం. జాతరప్పుడు ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగా నేరుగా మేడారంలో గద్దెలకు దగ్గర్లో వేసిన తాత్కాలిక బస్టాండు దాకా పంపిస్తారు. సొంత బండ్లను పస్రా దగ్గర మళ్లించి నార్లాపూర్ వైపు తోలి, ఎక్కడో పొలాల్లో పార్కింగ్ పెడతారు, అక్కడినుంచి బెల్లం, బిందెలు, పిల్లలు, ముసలివాళ్లతో కిలోమీటర్ల నడక. తిరిగి వచ్చేటప్పుడు కూడా వచ్చిన దారి వదిలి బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల మీదుగా చుట్టు తిప్పుతారు. గోదావరిఖని, మంథని, పెద్దపల్లి వైపు వాళ్లకు ఎట్లాగూ భూపాలపల్లి దారే కాబట్టి వాళ్లకు పెద్ద తేడా ఉండదు. 2024లో ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం జాతర బస్సులకు కూడా వర్తింపజేశారు, వచ్చేసారి పద్ధతి ఏంటో బయల్దేరే ముందు డిపోలో అడగండి. రైలు వరంగల్, కాజీపేట దాకానే, అక్కడ దిగి బస్సెక్కాలి.

మామూలు రోజుల్లో హన్మకొండ నుంచి రెండున్నర గంటల దారి. జాతరలో ఎంతని ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మొద్దు.

దారిలోనే కదా అని రామప్ప, లక్నవరం కూడా అదే ట్రిప్పులో చుట్టేద్దామని ప్లాన్ వేసేవాళ్లు ఉంటారు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ సరదా ఇంకా పెరిగింది. వద్దు. ఆ నాలుగు రోజులు బండి ఒకసారి లైనులో పడితే బయటికి రాదు, రామప్పను ఇంకో ఆదివారం నెమ్మదిగా చూసుకోవచ్చు.

గుడారం

హోటల్ గది దొరుకుతుందనే ఆశ పెట్టుకోవద్దు. తాడ్వాయిలో, ములుగు చుట్టుపక్కల ఉన్న నాలుగు గదులూ ఎప్పుడో బుక్కయిపోతాయి. జనమంతా ఊరట్టం, రెడ్డిగూడెం, నార్లాపూర్, కన్నెపల్లి చుట్టూ చెట్ల కింద, కోసిన పొలాల్లో గుడారాలేసుకుంటారు. కొన్నిచోట్ల పొలం యజమానికి కొంత ఇవ్వాల్సి ఉంటుంది, వేయకముందే మాట్లాడుకోండి, వేశాక బేరం మీ చేతిలో ఉండదు. రెండు పొడుగు వెదుళ్లు, ఒక టార్పాలిన్, తాడు, కింద పరుచుకోవడానికి చాపలు ఉంటే చాలు, కంపెనీ టెంటు అక్కర్లేదు. అన్ని గుడారాలూ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి పొడుగాటి వెదురుకు ముదురు రంగు చీర ఒకటి కట్టి పైకి నిలబెట్టండి, అర్ధరాత్రి గద్దెల దగ్గర్నుంచి వచ్చి మీ గుడారం వెతుక్కుంటుంటే దాని విలువ తెలుస్తుంది.

వాగుకు మరీ దగ్గర వేయొద్దు, రాత్రంతా పక్కనుంచి మనుషులు నడుస్తూనే ఉంటారు. చేతిపంపుకో నల్లాకో అందుబాటులో, మరుగుదొడ్లకు గాలి వాటం కాని వైపున వేసుకుంటే సగం సుఖం. సర్కారు మరుగుదొడ్లు వేలల్లో వేస్తుంది గానీ మధ్యాహ్నానికి వాటి గతి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు, ఒక బకెట్, మగ్గు మీదే ఉంచుకుని తెల్లవారకముందే పని కానిచ్చుకోండి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గుడారంలో ఒక మూలన చీర అడ్డం కట్టుకుంటే వాగు దగ్గర గదుల కోసం నిలబడే పని తప్పుతుంది.

వంట అక్కడే. కోడో, యాటపోతో కోసి, మూడు రాళ్ల పొయ్యి మీద కూర, పక్కన అన్నం. జాతరంటే సగం ఇదే, దాచుకునేదేం లేదు. మాంసం తినని ఇళ్లవాళ్లు కూడా వస్తారు, బెల్లం, కొబ్బరికాయ ఇచ్చి పప్పుచారు చేసుకుంటారు, ఎవరూ వింతగా చూడరు, మీరూ పక్క గుడారంలో కోడిని కోస్తుంటే ముక్కు మూసుకుని చూడకండి. కట్టెల కోసం చెట్టు మీద చెయ్యి వేయొద్దు. ఇది ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యం ప్రాంతం, ఆ చెట్లనూ గుట్టనే కొలవడానికి వచ్చి గొడ్డలి పట్టుకోవడం ఏం పద్ధతి? కట్టెలు అమ్ముతారు, కొనండి. పొయ్యి ఆర్పేటప్పుడు నీళ్లు పోసి బూడిద చల్లారేదాకా చూడండి, ఆకులు ఎండి ఉంటాయి. ప్లాస్టిక్ గ్లాసులు, విస్తర్లు మీతోపాటే వెనక్కి తెండి, మోదుగాకు విస్తర్లయితే ఆ గొడవే లేదు.

మందు సంగతి. తాగేవాళ్లు తాగుతారు, కల్లు ఉంటుంది, సీసాలూ ఉంటాయి, అది జాతరలో ఉన్నదే, నేను నీతులు చెప్పను. కానీ బండి నడిపే మనిషి చుక్క ముట్టొద్దు. ముట్టాడంటే తెల్లారేదాకా బండి కదలొద్దు, మామ అయినా బావమరిది అయినా తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి, అలిగితే అలగనీయండి.

వాగు, గద్దెలు

ముందు జంపన్నవాగులో స్నానం, ఆ తర్వాతే గద్దెలు. నీళ్లు తక్కువగా ఉంటాయని లక్నవరం చెరువు నుంచి వదులుతారు, ఒడ్డున నల్లాలు కట్టిన స్నానఘట్టాలు కూడా ఉంటాయి, ఒంట్లో బాగోలేని వాళ్లు, చిన్నపిల్లలు వాటి కింద పోసుకుంటే చాలు. వాగులో దిగేవాళ్లు పోలీసులు తాడు కట్టిన చోటు దాటొద్దు. గుండు కొట్టించుకునేవాళ్లు కొత్త బ్లేడు కళ్లముందు విప్పించండి. ఒడ్డు పొడుగునా విరిగిన బ్లేడు ముక్కలు, సీసా పెంకులు ఉంటాయి కాబట్టి నీళ్ల అంచు దాకా చెప్పులు విడవకండి. వాగు దగ్గర నాగులమ్మ గద్దె ఉంటుంది, అక్కడ దండం పెట్టుకుని కదలాలి.

గద్దెల దగ్గరికి క్యూలో పోతారు. అసలు ప్రమాదం ఇక్కడుంది, ఇది ముందుగా ఎవరూ చెప్పరు. గద్దె దాకా చేరలేని వాళ్లు వెనకనుంచే బెల్లం ముద్దలు, కొబ్బరికాయలు గద్దె మీదికి విసురుతారు. అవి అన్నీ గద్దె మీదే పడవు. అక్కడ డ్యూటీ చేసేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని ఉంటారంటే అర్థం చేసుకోండి. మీరు విసరొద్దు, చేతికి ఇవ్వండి లేదా అంచున పెట్టండి, లోపల ఉన్నంతసేపు పిల్లల నెత్తి మీద మీ చెయ్యి ఉంచండి. కింద బెల్లం, పసుపు, కొబ్బరినీళ్లు కలిసి కాళ్లకు జిగటగా అంటుకుంటాయి, పులిసిన వాసన, చుట్టూ ఈగలు, తేనెటీగలు, అడుగు తీసి అడుగు వేస్తుంటే అరికాలు చప్పుడు చేస్తుంది. జారుతుంది కూడా. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి దోపుకోండి, పంచె కట్టుకున్నవాళ్లు మడిచి కట్టండి. దండం పెట్టుకుని, అక్కడి బెల్లం, పసుపు, కుంకుమ కొంచెం తీసుకుని ముందుకు నడవండి, నిలబడి కోరికల చిట్టా చదివే టైం లేదు, ఆ చిట్టా వాగు దగ్గరే చదువుకుని రండి. సెల్ఫీ అసలే వద్దు. వెనకనుంచి తోసే జనానికి మీ ఫోన్ కనపడదు.

పిల్లలు తప్పిపోవడం ప్రతి జాతరలో జరిగేదే. వాళ్ల మోచేతి దగ్గర బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి, చీటీ జేబులో పెడితే తడిసిపోతుంది. సిగ్నల్ కోసం తాత్కాలిక టవర్లు వేసినా గురువారం, శుక్రవారం ఫోన్లు కలవవు కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో పెద్దవాళ్లూ ముందే అనుకోండి, ‘గద్దెల దగ్గర’ అనుకోవద్దు, దూరంగా పేరున్న చోటు ఏదైనా, బస్టాండు గేటు లాంటిది. తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదివే కేంద్రం ఎక్కడుందో వచ్చిన వెంటనే చూసి పెట్టుకోండి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మెడికల్ క్యాంపులు ఉంటాయి, గత జాతరల్లో టీటీడీ కల్యాణ మండపంలో పెద్ద తాత్కాలిక ఆసుపత్రి నడిపారు.

ఎట్లా మెలగాలి

పూజలు చేసేది కోయ పూజారులు, వాళ్ల పద్ధతిలో. సంస్కృత మంత్రాలు వినపడవు, గోత్రనామాలు అడగరు. ‘ఈమె ఏ అమ్మవారి అవతారం’ అని అక్కడివాళ్లను పీడించొద్దు, ఆమె సమ్మక్క, అంతే. పట్నం మనుషులు పెద్ద తెలివిగా వేసే ఇంకో ప్రశ్న, గుడి ఎందుకు కట్టలేదని. గుట్టే ఆమె ఇల్లయినప్పుడు గుడి దేనికి?

శివసత్తులు జుట్టు విరబోసుకుని పసుపు ముఖాలతో ఊగుతూ వస్తారు, నాయకపోడు వాళ్లు గుర్రపు తల ఆకారంలో ఉండే లక్ష్మీదేవరను గజ్జెల చప్పుడుతో ఆడిస్తూ తెస్తారు. వాళ్లకు తొవ్వ ఇవ్వండి. పూనకం వచ్చిన మనిషి మీ పక్కనే పడితే పట్టుకోవడానికి వాళ్లవాళ్లు ఉంటారు, నిమ్మకాయ, నీళ్లు వాళ్ల దగ్గరే ఉంటాయి, మీరు కొంచెం జాగా ఇస్తే చాలు. నమ్మకపోతే నమ్మకండి, కానీ నవ్వకండి, వీడియో తీయకండి. ఎవరి పెద్దమ్మో దుఃఖంతో ఊగుతుంటే దాన్ని రీల్ చేసి పాట తగిలించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డోళ్లు, ముగ్గులు, దారి, గుడారాలు, కావలసినన్ని ఫొటోలు తీసుకోండి. మనుషులను దగ్గర్నుంచి తీయాలంటే ‘అవ్వా, ఒక ఫొటో తీసుకోనా’ అని అడగండి, చాలామంది సరే అంటారు, కొంగు సర్దుకుని మరీ నిలబడతారు.

పిలుపులు కూడా అంతే. చుట్టుపక్కల కోయగూడేల్లో ఇంటి ముందు కూర్చున్నవాళ్లను అక్కా, తమ్మీ, తాతా అని పలకరించి నీళ్లడిగితే ఇస్తారు. చెప్పకుండా ఇంటి ఆవరణలో గుడారం వేయడం, ఇప్పచెట్టు కింద పొయ్యి పెట్టడం చేస్తే కోపం వస్తుంది, ఎవరికైనా వస్తుంది.

తిరుగు ప్రయాణం

శుక్రవారం మధ్యాహ్నం మొక్కు తీరగానే అందరికీ ఒకేసారి ఇల్లు గుర్తొస్తుంది, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా తొవ్వలన్నీ నిండిపోయేది అందుకే. బస్టాండులో ఊర్లవారీగా క్యూలైన్లు ఉంటాయి, మీ లైను ఏదో బోర్డు చూసి నిలబడండి, ఖాళీ బస్సు కనపడిందని కిటికీలోంచి తువ్వాల వేస్తే ఆ బస్సు ఏ ఖమ్మమో పోతుంది. కారులో వచ్చినవాళ్లు శుక్రవారం తెల్లవారుజామున మొక్కు ముగించి తొమ్మిది లోపల కదిలితే మంచిది, లేదంటే ఆ రోజంతా గుడారంలో పడుకుని శనివారం తెల్లవారుజామున కదలండి. మధ్యాహ్నం బయల్దేరితే బండిలోనే రాత్రి అవుతుంది. నీళ్ల సీసాలు, తినేవి ఏవైనా కింద డిక్కీలో కాకుండా చేతికందేట్టు పెట్టుకోండి.

ఇవన్నీ విన్నాక మనవల్ల కాదనిపిస్తే, జాతర ముగిసిన తర్వాతి బుధవారం తిరుగువారం పండుగ ఉంటుంది, అప్పుడు పోవచ్చు. పెద్ద జాతర లేని మధ్య ఏడాదిలో అదే మాఘమాసంలో మండమెలిగె పేరుతో మినీ జాతర జరుగుతుంది, 2025లో ఫిబ్రవరి 12 నుంచి 15 దాకా జరిగింది, దానికీ బాగానే వస్తారు గానీ గద్దెల దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకోవచ్చు. మామూలు రోజుల్లో కూడా గద్దెలు మూసి ఉండవు, బుధ, ఆదివారాల్లో జనం ఎక్కువ. అప్పుడైతే దుకాణాలు కొన్నే ఉంటాయి, కోడి, బియ్యం, గిన్నెలు, అగ్గిపెట్టె అన్నీ ములుగులోనే సర్దుకుని పోండి.